కంకి కొడవలికి అమ్మ వేసిన ఓటు

విజయవాడ పశ్చిమ నియోజకవర్గం ప్రస్తావన వచ్చినప్పుడల్లా రాజకీయాలు బాగా తెలిసినవాళ్ళు ఒక మాట అంటుంటారు. అక్కడ గెలిచినవాడు మళ్ళీ వెంటనే గెలవడట. మాట నిజమే. 1983 నుంచి 2024 దాకా జరిగిన పది శాసనసభ ఎన్నికల్లో మా సభ్యుడెవరూ వరసగా రెండోసారి నెగ్గలేదు. జలీల్‌ఖాన్ గారు 1999లోనూ 2014లోనూ గెలిచారు, వెల్లంపల్లి శ్రీనివాస్ గారు 2009లోనూ 2019లోనూ గెలిచారు. ఇద్దరూ నడుమ ఇంకొకరికి చోటిచ్చి వచ్చినవారే. దీన్ని కొందరు శాపమంటారు, కొందరు ఓటరు గడుసుదనమంటారు. ఆ కొండ మెట్ల మీద పెరిగిన నాకు మాత్రం ఆ సీటు పేరు వినగానే మొదట తట్టేది ఇది కాదు. తమ సొంత పార్టీ గుర్తు లేని బ్యాలెట్ కాగితం చేతిలో పెట్టుకుని, పెద్దలు చెప్పారు గనక ఇంకెవరి గుర్తు మీదో ముద్ర వేసి రావలసిన అవసరం మా వన్‌టౌన్ ఓటర్లకు పడినన్ని సార్లు రాష్ట్రంలో ఇంకెవరికైనా పడిందా అని నా అనుమానం. మాది పొత్తు సీటు.

మా ఇల్లు చిట్టినగర్ సొరంగానికి దగ్గరలో, కొండవాలు మీద ఉండేది. కింద రోడ్డు నుంచి గడప దాకా మెట్లే. వాటిలో సగం మునిసిపాలిటీ వేసినవి, సగం ఇళ్ళవాళ్ళు రాళ్ళు పేర్చి కట్టుకున్నవి. నాన్నగారు కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఒక హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. ఆ మార్కెట్ పేరు ఎవరిదని చిన్నప్పుడు అడిగితే, 1955లో విజయవాడ నుంచి గెలిచి, తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొట్టమొదటి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావు గారిదని చెప్పి, "కాంగ్రెసాయనే గానీ పెద్దమనిషి" అని ఒక ముక్క చేర్చారు. ఆ ముక్క ఎందుకంటే నాన్నగారు కమ్యూనిస్టు. మార్కెట్‌లో హమాలీల యూనియన్ వాళ్ళతో తిరిగి తిరిగి కమ్యూనిస్టు అయినవారు. అమ్మది కాంగ్రెస్, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఇందిరమ్మ పార్టీ. 1978లో ఆవూదూడ పోయి చెయ్యి గుర్తు వచ్చినప్పుడు చాలామంది తికమకపడ్డారు గానీ అమ్మ పడలేదట. ఇందిరమ్మ ఏ గుర్తు మీద ఉంటే ఆ గుర్తు తనది. పోలింగుకు ముందురోజు రాత్రి అన్నాలప్పుడు నాన్నగారు "ఈసారైనా కంకి కొడవలికి వెయ్యరాదూ" అని అడగడం, అమ్మ "మజ్జిగ పొయ్యమంటారా" అనడం మా ఇంటి ఆనవాయితీ. ఆ సంభాషణ అంతకు మించి ఎప్పుడూ సాగలేదు.

ఆ రోజుల్లో విజయవాడలో కమ్యూనిస్టు కావడం విడ్డూరమేమీ కాదు. 1981లో నగరపాలక సంస్థ ఏర్పడితే మొదటి మేయరైన టి. వెంకటేశ్వరరావు గారు సీపీఐ వారే. ఎన్నికలు దగ్గరపడితే మా వరండాలో పది రోజుల పాటు కాలు పెట్టే సందు ఉండేది కాదు. ఓటర్ల జాబితా కట్టలు తెచ్చి, నాన్నగారు ఒక్కో వరస కింద చెక్క స్కేలు పెట్టి చదువుతుంటే, మేము నలుగురైదుగురు పిల్లలం చీటీలు రాసేవాళ్ళం. చీటీ నెత్తిన అభ్యర్థి పేరు, గుర్తు అచ్చయి ఉండేవి. కింద ఖాళీల్లో ఓటరు పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, భాగం నంబరు, వరస నంబరు మేము నింపాలి. రాయడం ఒక ఎత్తు, పంచడం ఇంకో ఎత్తు. కింద వీధుల్లో డోరు నంబర్లు పట్టుకుని పోతే సరిపోయేది. కొండ మీద ఇళ్ళు నంబర్ల కోసం పుట్టలేదు. ఒక ఇంటి పక్కన ఇంకో ఇల్లు మొలిస్తే పాత నంబరుకే ఒక గీత, దాని పక్కన ఒక అక్షరం, ఆ తర్వాత ఇంకో గీత. నంబరు చూసుకుని వెళితే మేకల పాక దగ్గర తేలిన సందర్భాలున్నాయి. అందుకని పేర్లు పట్టుకునే అడగాలి. షేక్ ఇంటిపేరుతో జాబితాలో పేజీలకు పేజీలు ఉండేవి; వాటి అచ్చుతప్పులు విప్పడానికి పక్కింటి సాయిబు గారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చి కూర్చునేవారు. ఆయన ఓటు ఎప్పుడూ కాంగ్రెస్‌కే. కమ్యూనిస్టుల చీటీలను సరిదిద్దుతున్నానన్న పట్టింపు ఆయనకుగానీ, దిద్దించుకుంటున్నామన్న మొహమాటం నాన్నగారికిగానీ ఉండేది కాదు. ఈ రోజుల్లో ఇది చెబితే నమ్మేవాళ్ళు తక్కువ.

పోలింగు రోజున నాన్నగారు బూత్‌లో ఏజెంటు. తెల్లవారకముందే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, జాబితా, స్కేలు, ఎర్ర పెన్సిలు పట్టుకుని వెళ్ళిపోయేవారు. ఓటు వేసినవారి పేరు మీద అడ్డగీత. ఎవరైనా ఇంకొకరి పేరు మీద వచ్చారని ఏజెంటుకు అనుమానం వస్తే ప్రిసైడింగ్ అధికారి దగ్గర రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పాలి. విచారణలో అది తప్పని తేలితే ఓటరు ఓటు వేస్తాడు. మా బూత్‌లో ఏజెంట్లకు ఆ రెండు రూపాయలతో అవసరం పెద్దగా పడేది కాదు. అందరూ అందరికీ తెలిసినవాళ్ళే కావడంతో, దొంగ ఓటుకు వచ్చిన కుర్రాడిని "ఏరా, మీ నాన్న పేరు ఎప్పుడు మార్చావురా" అని అడిగితే చాలు, మెట్లు దిగి పోయేవాడు. నాన్నగారు సాయంత్రం ఇంటికొచ్చి, గీతలు లెక్కపెట్టి, ఎన్ని ఓట్లు తమవో అంచనా కట్టేవారు. ఆ అంచనా ఎప్పుడూ రెండు విధాలుగా ఉండేది, పార్టీ ఆఫీసుకు చెప్పేది ఒకటి, అమ్మకు చెప్పేది ఒకటి.

ఎన్నికల వల్ల కొండకు జరిగే తక్షణ ప్రయోజనం అభ్యర్థుల కాళ్ళ నొప్పులు. వాళ్ళు కింద జీపు దిగి, దండలతో, డప్పులతో ఎక్కడం మొదలుపెట్టేవారు. మొదటి మలుపు దాకా నమస్కారాలు బ్రహ్మాండంగా సాగేవి. రెండో మలుపుకు వచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయేది, నమస్కారం ఒంటిచేతిదయ్యేది. మా ఇల్లు మూడో మలుపులో ఉండటంతో, అక్కడికి వచ్చిన ప్రతి అభ్యర్థీ, ఏ పార్టీవాడైనా సరే, ముందు మంచినీళ్ళు అడిగేవాడు. అమ్మ కావాలనే బిందె పక్కన నిలబడి, "కింద కుళాయి నుంచి మోసుకొచ్చిన నీళ్ళు బాబూ" అని చెప్పి మరీ ఇచ్చేది. కొండకు నీళ్ళు, ఇళ్ళకు పట్టాలు, వానాకాలం రాళ్ళు దొర్లకుండా రిటైనింగ్ వాల్. ఈ మూడూ రాసిన అర్జీ ఒకటి నాన్నగారి ట్రంకుపెట్టెలో ఉండేది. చాలా శ్రద్ధగా, 'మహారాజశ్రీ' తో మొదలుపెట్టి రాసిన అర్జీ. ఎన్నిక అయిన ప్రతిసారీ దాన్ని చూసి ఒక కొత్త ప్రతి రాసి, పైన శాసనసభ్యుని పేరు మాత్రం మార్చి, వీధివాళ్ళ సంతకాలూ వేలిముద్రలూ పెట్టించి పట్టుకెళ్ళేవారు. శాసనసభ్యుడంటే చట్టాలు చేసేవాడని మాకు బళ్ళో చెప్పారు. మా కొండకు తెలిసిన శాసనసభ్యుడు మాత్రం మునిసిపల్ ఇంజనీరుకు ఫోను చెయ్యగలిగినవాడు.

1983 జనవరి 5న జరిగిన పోలింగు మా పిల్లల తరానికి మొదటి పండుగలాంటి ఎన్నిక. అంతకు తొమ్మిది నెలల ముందు పుట్టిన పార్టీ, పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చి ఊరూరా తిరుగుతున్న రామారావు గారు, వంటింట్లోంచి వచ్చి రోడ్డు మీద అర్ధరాత్రి దాకా ఎదురుచూస్తున్న ఆడవాళ్ళు. ఇదంతా నాన్నగారికి నచ్చలేదు. "సినిమా చూడటానికొచ్చిన జనమంతా ఓటేస్తారా" అన్నారు. ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టులు తెలుగుదేశంతో పొత్తు కుదరక విడిగా పోటీ చేశారు. సినిమా చూడటానికొచ్చిన జనం ఓటేశారు. తెలుగుదేశానికి రెండు వందలు దాటి సీట్లు వస్తే, రెండు కమ్యూనిస్టు పార్టీలకూ కలిపి పట్టుమని పది రాలేదు. మా పశ్చిమంలోనూ సైకిలే గెలిచింది. ఫలితాలు తెలుసుకోవడానికి గవర్నరుపేటలో పత్రికాఫీసు ముందు నల్లబల్ల దగ్గరకు నాన్నగారు నన్ను భుజం పట్టుకుని తీసుకెళ్ళారు. సుద్దముక్కతో అంకెలు మారుతున్నకొద్దీ చుట్టూ ఈలలు. మేము తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆయన ఒక్కమాట మాట్లాడలేదు గానీ పంజా సెంటరులో నాకు పుల్లయిస్ కొనిపెట్టారు.

మరుసటి ఏడు ఆగస్టులో మంత్రి పదవిలో ఉన్న మా పక్క గుంటూరు జిల్లా నాయకుడు నాదెండ్ల భాస్కరరావు గారు ముఖ్యమంత్రి కావడం, రామారావు గారు తన శాసనసభ్యులను బెంగళూరుకూ నంది హిల్స్‌కూ తరలించి కాపాడుకోవడం, నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న మళ్ళీ ఆయనే గద్దె ఎక్కడం జరిగాయి. ఒక ఎమ్మెల్యేను ఎవరో ఎత్తుకుపోగలరనీ, అతన్ని దాచిపెట్టవలసి వస్తుందనీ మాకు మొదటిసారి తెలిసింది అప్పుడే. కొండ మీద ఆడవాళ్ళు కుళాయి దగ్గర ఎవరు ఎటు ఉన్నారో లెక్కలు చెప్పుకునేవారు. ఏ ఎన్నికల ప్రచారమూ శాసనసభ సంఖ్యాబలం గురించి జనానికి ఆ నెల రోజులు నేర్పినంత నేర్పలేదు. పార్టీ ఫిరాయింపుల నిషేధ చట్టం 1985లో వచ్చింది. దాని గురించి మళ్ళీ చెబుతాను.

1985 మార్చి ఎన్నికలకు తెలుగుదేశం, కమ్యూనిస్టులు కలిశారు. మా సీటు సీపీఐకి వచ్చింది. ఇక్కడినుంచే మా ఓటర్ల అసలు కష్టాలు మొదలయ్యాయి. మాకు పై మెట్టు మీద దర్జీ బాబాయి ఒకాయన ఉండేవాడు. మిషను మీద రామారావు గారి కృష్ణుడి పటం, దానికి రోజూ ఊదుబత్తి. ఆయన పోలింగుకు రెండు రోజుల ముందు నమూనా బ్యాలెట్ పట్టుకుని దిగివచ్చి, "అన్నయ్యా, ఇందులో సైకిల్ లేదేంటి?" అని అడిగాడు. పొత్తు సంగతి నాన్నగారు నెమ్మదిగా చెప్పారు. బాబాయి అంతా విని, "అయితే అన్నగారే స్వయంగా చెప్పారా?" అన్నాడు. చెప్పారని పేపరు తెచ్చి చూపిస్తే గానీ నమ్మలేదు. రెండేళ్ళ కిందట ఈ ఇద్దరూ గోడ మీద సున్నం వేసిన జాగా కోసం మాట్లాడుకోవడం మానేసిన మనుషులు. ఆ ఎన్నికలో దర్జీ బాబాయి కంకి కొడవలి జెండాలు కుట్టి ఇచ్చాడు, కూలి తీసుకోకుండా. సీపీఐ అభ్యర్థి ఉప్పలపాటి రామచంద్రరాజు గారు గెలిచారు. నాన్నగారు జీవితంలో మొదటిసారి గెలిచిన పక్షాన నిలబడి, ఏం చెయ్యాలో తోచక, ఊరేగింపులో అందరికంటే వెనక నడిచారు.

ఆ తర్వాతి సంవత్సరాలు నగరానికి మంచివి కావు. 1988 డిసెంబరు 26న, మాకు ఇరుగున ఉన్న తూర్పు నియోజకవర్గ శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా గారు నిరాహార దీక్షలో ఉండగా హత్యకు గురయ్యారు. కర్ఫ్యూ వేళ కొండ మీదినుంచి ఊరివైపు చూస్తే పొగలు కనిపించేవి. 1989 నవంబరులో నేను మొదటి ఓటు వేశాను. ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి తగ్గించిన తర్వాత వచ్చిన మొదటి సార్వత్రిక ఎన్నికలు అవి. పార్లమెంటుకు తెల్ల కాగితం, అసెంబ్లీకి గులాబీ రంగు కాగితం. స్వస్తిక్ ముద్ర వేశాక ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలని నాన్నగారు పాత క్యాలెండరు కాగితంతో ఇంట్లో నాలుగైదు సార్లు చేయించారు. తప్పుగా మడిస్తే తడి సిరా అవతలి గుర్తుకు అంటుకుని ఓటు చెల్లకుండా పోతుందని ఆయన భయం. ఆ ఏడు కాంగ్రెస్ తరఫున ఎం.కె. బేగ్ గారు గెలిచారు. అమ్మ పాయసం వండింది. నాన్నగారు మారు అడిగి వేయించుకున్నారు.

1994 నాటికి ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్ గారి పుణ్యమా అని గోడల మీద రాతలు తగ్గాయి, రాత్రి మైకులు మూగబోయాయి. తెలుగుదేశంతో పొత్తులో మళ్ళీ కంకి కొడవలి, మళ్ళీ గెలుపు. కాకర్లపూడి సుబ్బరాజు గారు సభ్యుడయ్యారు. 1999లో కమ్యూనిస్టులకూ తెలుగుదేశానికీ చెడింది. మా దగ్గర కాంగ్రెస్ గెలిచింది, తూర్పులో నటుడు కోట శ్రీనివాసరావు గారు బీజేపీ అభ్యర్థిగా నెగ్గారు. ఆ ఎన్నిక గురించి మా ఇంట్లో పెద్ద కథలేమీ లేవు.

కథంతా 2004లో ఉంది. ఆ సారి కమ్యూనిస్టులు కాంగ్రెస్ పక్కన చేరారు. పశ్చిమం షరా మామూలుగా సీపీఐకి పోయింది. విజయవాడ పార్లమెంటుకు చెయ్యి గుర్తు మీద లగడపాటి రాజగోపాల్ గారు, అసెంబ్లీకి కంకి కొడవలి మీద షేక్ నాసర్ వలీ గారు. మెట్లెక్కి వచ్చి అమ్మకు ఈ సంగతి చెప్పింది కాంగ్రెస్ వాళ్ళే. పాతికేళ్ళుగా నాన్నగారు మజ్జిగ దగ్గర ఓడిపోతూ వచ్చిన వాదనను కాంగ్రెస్ వార్డు నాయకుడు వరండాలో నిలబడి, కండువా సర్దుకుంటూ, రెండు నిమిషాల్లో వినిపించి, "అమ్మా, ఇది సోనియమ్మ మాట" అని ముగించాడు. నాన్నగారు వాలుకుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నారు. పేపరు కదలడం నాకు కనిపించింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆయన ఏమీ అడగలేదు. అడగకపోవడమే అమ్మకు చిరాకు తెప్పించింది. "ఏం, ఈసారి చెప్పరేం?" అంది. "నేను చెప్పేదేముంది, మీ వాళ్ళే చెప్పారుగా" అన్నారు నాన్నగారు, నవ్వు ఆపుకోలేక. అమ్మ మజ్జిగ గిన్నె ఆయన ముందు పెట్టి, "వాళ్ళు చెప్పారని వేస్తున్నా, మీరు చెప్పారని కాదు. అది గుర్తుపెట్టుకోండి" అంది.

మర్నాడు అమ్మను బూత్‌కు తీసుకువెళ్ళింది నేనే. ఆ ఎన్నికలతో కాగితాలు పోయి అన్నిచోట్లా యంత్రాలు వచ్చాయి. ఒకటి పార్లమెంటుకు, ఒకటి అసెంబ్లీకి. నాన్నగారు ఏజెంటుగా కూర్చోవడం మానేసి అప్పటికి చాలాకాలమైంది. గేటు అవతల షామియానా కింద, కాంగ్రెస్ వాళ్ళూ కమ్యూనిస్టులూ కలిసి వేసిన ఒకే బల్ల దగ్గర కూర్చుని చీటీలు వెతికి ఇస్తున్నారు. అమ్మ ఆ బల్ల ముందుకు వెళ్ళి, మొగుడన్న ఎరుక లేనట్టు పేరు చెప్పింది. ఆయన కూడా స్కేలు జరిపి, వరస నంబరు వెతికి, చీటీ రాసి, "జాగ్రత్తగా వెళ్ళండమ్మా" అని అందించారు. లోపల రెండు సార్లు 'పీ' మని శబ్దం వచ్చింది. మొదటిదానికీ రెండోదానికీ మధ్య చాలాసేపు పట్టింది. ఎంతసేపంటే, పోలింగ్ అధికారి తల ఎత్తి ఆ అట్ట వెనకవైపు చూశాడు. బయటికొచ్చాక అమ్మ నాతో, "అసెంబ్లీ మిషనులో కూడా చెయ్యి ఉందేమో అని పైనుంచి కిందికి చూశానురా, లేదు" అంది. నాసర్ వలీ గారు గెలిచారు. ఆమె ఓటు ఎవరికి వేసిందో నాన్నగారు పోయేదాకా ఆయనకు చెప్పలేదు, ఆయనా అడగలేదు. మా అందరికీ తెలుసు.

2009 ఎన్నికలకు నియోజకవర్గాల పునర్విభజన అమలై కంకిపాడు సీటు పోయింది, నగరంలో కొత్తగా సెంట్రల్ వచ్చింది. మా కొండ మాత్రం పశ్చిమంలోనే ఉండిపోయింది. ఆ సంవత్సరం ప్రజారాజ్యం రైలింజన్ గెలిచింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ పార్టీ మొత్తం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2014లో తెలుగుదేశం మా సీటును బీజేపీకి వదిలితే ఫ్యాను గుర్తు గెలిచింది. 2016లో మా సభ్యుడు తెలుగుదేశంలో చేరారు. 1985 చట్టం గురించి మళ్ళీ చెబుతానన్నది ఇందుకే. దర్జీ బాబాయి లాంటివాళ్ళు తమది కాని గుర్తుకు వేసేటప్పుడు కనీసం ముందే తెలిసి, ఒప్పుకుని వేశారు. వేసిన తర్వాత ఇంటికి కబురు లేకుండా గుర్తు మారిపోవడం వేరే సంగతి. చట్టం ఉన్నా, స్పీకరు తేల్చేలోపు సభ గడువు దగ్గరపడితే ఆ చట్టంతో కొండమీది ఓటరుకు ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం.

2019లో పక్కనున్న సెంట్రల్‌లో మల్లాది విష్ణు గారు పాతిక ఓట్ల తేడాతో గెలిచినప్పుడు, సింగ్‌నగర్‌లో ఉన్న మా మేనత్త ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఇద్దరు కొడుకులూ కోడళ్ళూ బస్సు టిక్కెట్లు దొరకలేదని రాలేదు. "మన ఒక్క ఇంట్లోనే నాలుగురా, ఇంకో ఐదారిళ్ళు ఇలాగే ఉంటే చాలదూ" అని అత్తయ్య ఆ సంవత్సరమంతా ఫోనులో దెప్పింది. ఆ నాలుగు ఓట్లూ ఎటు పడేవో ఆవిడ ధీమాగా చెప్పేది గానీ, కోడళ్ళు ఇద్దరూ ఆ మాట వచ్చినప్పుడు కిమ్మనేవారు కాదు.

2024 మే 13న మా పశ్చిమంలో రెండు వైపులా పొత్తులే. తెలుగుదేశం, జనసేన వాళ్ళు కమలానికి వెయ్యాలి. కాంగ్రెస్ వాళ్ళు కంకి కొడవలికి వెయ్యాలి. నాన్నగారు లేరు. అమ్మకు మోకాళ్ళు పట్టేసి, తమ్ముడూ నేనూ చెరో రెక్కా పట్టుకుని మెట్లు దింపాం. చెయ్యి గుర్తు ఇప్పుడు పార్లమెంటు మిషనులోనే ఉంటుందని ముందే చెబితే, "నాకు తెలుసులే, ఆ మాత్రం తెలియదా" అని కసిరింది. ఏ మీట నొక్కిందో మేము అడగలేదు. బీజేపీ అభ్యర్థి సుజనా చౌదరి గారు గెలిచారు.

ఫలితాలొచ్చిన నెలకు తమ్ముడు ట్రంకుపెట్టె తీసి నాన్నగారి అర్జీని ఫోనులో టైపు చేశాడు. నీళ్ళ సంగతి అందులోంచి తీసేశాడు, మా మలుపు దాకా కుళాయిలు వచ్చి చాలాకాలమైంది. పట్టాల వాక్యంలో కొన్ని ఇళ్ళకు వచ్చాయనీ, మిగిలినవి ఇవ్వాలనీ మార్చాడు. రిటైనింగ్ వాల్ గురించి నాన్నగారు రాసినదాన్ని ఉన్నదున్నట్టే ఉంచి, 'మహారాజశ్రీ' తీసేద్దామా అని నన్ను అడిగాడు. ఉంచమన్నాను. పైన కొత్త పేరు వేసి, ఈసారి వేలిముద్రలు ఒక్కటీ లేకుండా, డెబ్భై చిల్లర సంతకాలతో పట్టుకెళ్ళి ఇచ్చాడు. అందినట్టు ముద్ర వేసిన ప్రతి అమ్మ అడిగి తీసుకుని చదువుకుంది.